ఏజెన్సీ చట్టాలు గిరిజనులను కాపాడాయి, సరే. ఎవరి నుంచి?

మన్యంలో కొత్తగా ఉపాధ్యాయుడిగా చేరిన మీరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బ్రిటిష్ ప్రభుత్వం 1839లోనే కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించింది. 1917లో గిరిజనుల భూమి బయటివారి చేతికి పోకుండా చట్టం చేసింది. మైదానపు రైతుకే లేని రక్షణ కొండవారికి ఇచ్చినప్పుడు రంప కొండల్లోనూ గూడెం కొండల్లోనూ అన్ని తిరుగుబాట్లు ఎందుకు వచ్చాయి? పిల్లలకు ఏమని చెప్పాలి, కాపాడారనా, దోచుకున్నారనా?

నేను చరిత్ర ఆచార్యుణ్ణి కాను. ముప్పై రెండేళ్లు ఏజెన్సీ భూమి కేసులు వాదించిన వకీలును. పాత కాగితాలు చదవడం నాకు సరదాగా మొదలు కాలేదు, కేసు గెలవడానికి తప్పనిసరై మొదలైంది. అందుకే ఈ సమాధానంలో చట్టం వాసన కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఓర్చుకోండి.

ముందు సూటి జవాబు. ఆ చట్టాలు బూటకం కాదు. వాటి వల్ల నిలిచిన భూములు ఉన్నాయి, నా కక్షిదారులలోనే కొందరి భూములు నిలిచాయి. కాని అవి గిరిజనుణ్ణి షావుకారు నుంచి కాపాడటానికి రాసినవి. సర్కారు నుంచి కాపాడటానికి వాటిలో ఒక్క సెక్షను కూడా లేదు. అడవి మీద హక్కు, కల్లు మీద పన్ను, రోడ్డు పనికి కూలి, ముఠాదారు (కొన్ని కొండ ఊళ్ల ముఠాకు పెద్ద) పదవి, ఇవన్నీ సర్కారు గుప్పిట్లోనే ఉన్నాయి. తిరుగుబాట్లు వచ్చినదీ ఎక్కువగా వీటి మీదే. మీకు కనిపించిన వైరుధ్యం అక్కడే విడిపోతుంది.

ఇక వివరాల్లోకి వెళదాం. 1839 నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే 'ఏజెన్సీ' అనే మాటే అప్పుడు పుట్టింది.

పర్లాకిమిడి, విశాఖపట్నం ప్రాంతాల్లో జమీందార్ల గొడవలు ముదిరినప్పుడు మద్రాసు ప్రభుత్వం 1832లో జార్జ్ రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. ఆ తరువాత 1835 నుంచి 1837 దాకా గంజాం వైపు గుంసూరు కొండల్లో యుద్ధం నడిచింది. అసలు తగవు శిస్తు బకాయి. జమీందారు కట్టలేదు, సర్కారు జప్తుకు వెళ్లింది, అతను కొండ ఎక్కాడు, వెనుకే సైన్యం ఎక్కింది. మన్యం జ్వరానికి సిపాయిలు పిట్టల్లా రాలిపోయారు. కోర్టు డిక్రీ పట్టుకుని కొండ ఎక్కితే దాన్ని అమలు చేయడానికి సైన్యమే కావాలని, ఆ సైన్యాన్ని జ్వరం తినేస్తుందని అప్పటికి తెలిసివచ్చింది. అందుకే 1839లో 24వ చట్టం తెచ్చి గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి, మామూలు రెగ్యులేషన్ల నుంచి తప్పించారు. కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించి, సివిలు, క్రిమినలు అధికారాలు రెండూ అతని చేతిలోనే పెట్టారు. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ అయింది.

ఇందులో గిరిజనుల మీద జాలి ఎంత, సైన్యం ఖర్చు ఎంత అని అడిగితే నా తూకంలో ఖర్చు వైపే మొగ్గుతుంది. ఫలితం మాత్రం ఒకటి గమనించండి. శిస్తు వసూలు చేసేవాడు, కేసు వినేవాడు, పోలీసులను పంపేవాడు ఒక్కడే అయ్యాడు. ఆ ఒక్కడు మంచివాడైతే కొండకు కాస్త ఊపిరి ఆడేది. కాకపోతే మొర వినే మరో చోటు దగ్గరలో లేదు.

ఒక పక్కమాట. గుంసూరు అనగానే చాలామందికి ఖోందులనే కొండజాతివారి మెరియా అనే నరబలి గుర్తుకు వస్తుంది. ఆ ఆచారం ఉన్న మాట నిజం, ఆగిపోవడం మంచిదే. 1845 నుంచి 1861 దాకా దాన్ని ఆపడానికి ప్రత్యేక మెరియా ఏజెన్సీ కూడా నడిపారు. కాని సైన్యం కొండ ఎక్కింది నరబలిని ఆపడానికి కాదు. బకాయి కోసం ఎక్కాక ఆ సంగతి వివరంగా తెలిసింది. తరువాతి కథనాల్లో నరబలి ముందు వరుసలోకి వచ్చి కూర్చుంది, బకాయి వెనక్కి పోయింది. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ వరుస తారుమారు కాకుండా చూడండి.

రంప కథ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు సమాధానం అక్కడే ఉంది.

గోదావరి కొండల్లో ఈస్టిండియా కంపెనీ నేరుగా పాలించలేదు. 1813లో రంప మన్సబుదారు, అంటే ఆ కొండల పాలకుడు, రాంభూపతి దేవుతో ఒప్పందం చేసుకుంది. శాంతి కాపాడితే చాలు, శిస్తు అడగం అన్నది దాని సారం. ఆయన 1835లో పోయాక వారసత్వపు తగవు వచ్చి, చివరకు 1848లో ఆయన కొడుకును మన్సబుదారుగా కూర్చోబెట్టారు. కొండ ముఠాదార్లకు అతడంటే మొదటి నుంచీ సరిపడలేదు. ముఠాదార్లు ఏటా ఇంత కట్టాలి, అతడు అంతకు మించి పీడించకూడదు అని కాగితం రాసుకున్నారు. కాగితం కచేరీలో ఉండిపోయింది. అతడు ముఠాలను ఒకటొకటిగా లాగేసుకున్నాడు, పన్నులు పెంచుకుంటూ పోయాడు. కొండవారు చెప్పుకున్న ఫిర్యాదులు సర్కారు చెవికి ఎక్కలేదు. అతణ్ణి నిలబెట్టింది సర్కారే కదా.

దీనికి తోడు అబ్కారీ, అంటే కల్లు సారాల మీద పన్ను, వచ్చింది. జీలుగు కల్లు, తాటి కల్లు కొండవారికి మత్తు సరుకు మాత్రమే కాదు. ఎండాకాలంలో గింజలు అయిపోయినప్పుడు కడుపు నింపేది అదే. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడానికి కూడా పన్ను అన్నారు. కల్లు పాట మన్సబుదారు చేతికే వచ్చింది. చిగురుపన్ను, మొదలుపన్ను అంటూ కొత్త పేర్లు వినిపించాయి. తన పెరటి చెట్టు కింద కుండ కట్టుకోవడానికి ఇంకొకరికి డబ్బు కట్టాలనే మాట ఆ మనిషికి ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి.

మూడోది కోర్టు. రంప కొండలు అప్పటికి 1839 చట్టం కింద లేవు. అంటే మైదానపు మామూలు సివిలు కోర్టులే. షావుకారు ఉప్పు, బట్ట, గింజలు అప్పిచ్చి, కింది కోర్టులో దావా వేస్తాడు. సమను కొండకు చేరదు, చేరినా చదివేవాడు లేడు. ప్రతివాది రాలేదని ఏకపక్షంగా డిక్రీ ఇస్తారు. తరువాత అమీనా, అంటే జప్తు చేసే కోర్టు ఉద్యోగి, వచ్చి పశువులను తోలుకుపోతాడు. ఐదు రూపాయల బాకీకి వంద రూపాయల సరుకూ పశువులూ పట్టుకుపోయారని కొండవారు చెప్పిన మాట సర్కారు వారి జిల్లా గ్రంథంలోనే అచ్చయి ఉంది. షావుకారు వెనుక కోర్టు ఉంది, కోర్టు వెనుక పోలీసు ఉన్నాడు, కాబట్టి ముగ్గురూ ఒకటే అని వారు అనుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

1879 మార్చిలో చోడవరం దగ్గర పోలీసుల మీద దాడితో రంప తిరుగుబాటు మొదలైంది. ఈ చోడవరం అంటే ఇప్పటి రంపచోడవరం. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు నాయకులు. అడ్డతీగల పోలీసు ఠాణాను చంద్రయ్య మనుషులు తగలబెట్టారు. అది గొలుగొండ కొండలకు, భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. రేకపల్లి సంగతి ఇంకా చిత్రం. ఆ ప్రాంతం 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. అక్కడ పోడుకు (అడవి నరికి, కాల్చి చేసే సేద్యానికి) గొడ్డలి లెక్కన తేలికపాటి పన్ను ఉండేది, గొడ్డలికి నాలుగణాలు. మద్రాసు చేతికి రాగానే అది దాదాపు మూడింతలయింది, కొన్ని చోట్ల పోడే వద్దన్నారు. కొండ అదే, గొడ్డలి అదే, ఎక్కడో ఆఫీసులో సరిహద్దు గీత జరిగింది. దాని ధర మాత్రం రేకపల్లి కోయవారు కట్టారు.

అణచడానికి వందలాది పోలీసులు చాలక మద్రాసు పదాతి దళాలు ఆరు రెజిమెంట్లు దిగాయి, హైదరాబాదు నుంచి కూడా బలగాలు వచ్చాయి. రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్ విచారణకు వచ్చి, ఫిర్యాదుల్లో నిజం ఉందని రాశాడు. మన్సబుదారును తొలగించారు. ముఠాదార్లకు నేరుగా సనదులు (సర్కారు పట్టాలు) ఇచ్చి, నామమాత్రపు కట్టుబడి (ఏటా కట్టే శిస్తు) నిర్ణయించారు. గోదావరి కొండలను కూడా ఏజెన్సీ పాలన కిందికి తెచ్చారు. అంటే మొదట తుపాకులు వచ్చాయి, వాటి వెనుక విచారణ, దాని వెనుక రక్షణ. మీరు పాఠ్యపుస్తకంలో చదివిన 'ప్రత్యేక పాలన' గోదావరి కొండలకు వచ్చిన దారి ఇది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పకుండా ఉండలేను. ఆనాటి రికార్డుల్లో ఈ తిరుగుబాట్లన్నిటినీ 'ఫితూరీ' అని రాశారు. ఇంగ్లీషు ఉత్తరాల్లో కూడా అదే మాట. మన ఇళ్లలో ఇప్పటికీ 'పితూరీలు చెప్పడం' అంటే ఒకరి మీద ఇంకొకరికి ఫిర్యాదులు చేయడం. తిరుగుబాటుకూ ఫిర్యాదుకూ తెలుగులో ఒకే మాట మిగిలింది. రంప కాగితాలు చదివినప్పుడల్లా ఈ రెండు అర్థాలూ నాకు పక్కపక్కనే కనిపిస్తాయి.

అడవి చట్టం. రంప గొడవ సద్దుమణిగీ మణగకముందే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నా దృష్టిలో కొండవారి బతుకును 1839, 1917 చట్టాల కన్నా ఎక్కువగా మార్చింది ఇదే. అయినా గిరిజనుల గురించిన వ్యాసాల్లో దీనికి రెండు వాక్యాలు కూడా దక్కవు, దాని పేరులో గిరిజనుడు లేడు కాబట్టి.

అది పని చేసే తీరు చూడండి. ఈ ప్రాంతాన్ని రిజర్వు అడవి చేయాలనుకుంటున్నాం అని సర్కారు నాలుగో సెక్షను కింద ప్రకటిస్తుంది. హక్కులున్నవారు కొన్ని నెలల్లో అటవీ సెటిల్మెంటు అధికారి ముందు చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే హక్కు ఆరిపోతుంది. చివరగా పదహారో సెక్షను కింద రిజర్వు అయిపోయినట్టు ప్రకటిస్తారు. కాగితం మీద ఎంతో న్యాయంగా ఉంది. కాని పోడు చేసేవాడు ఒక చోట రెండు మూడేళ్లు పండించి, నేలను పడుకోబెట్టి, ఇంకో చోటికి వెళతాడు. సెటిల్మెంటు అధికారి వచ్చిన ఏడాది ఆ చెక్కలో చెట్లు మొలిచి ఉంటే, ఖాళీ అడవి అని రాసుకుంటాడు. విశ్రాంతిలో ఉన్న పొలం అతని కంటికి ఎవరిదీ కాని అడవి. పదేళ్ల తరువాత ఆ కుటుంబం తిరిగి వచ్చి గొడ్డలి ఎత్తితే కేసు. తాత చేసినప్పుడు సేద్యం, మనవడు చేసినప్పుడు నేరం. మధ్యలో మారింది గెజిటులో ఒక పేరా.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక కొండరెడ్డి పెద్దాయన కోసం ఇలాంటి కేసులో హాజరయ్యాను. హద్దు ఎక్కడ అని మేజిస్ట్రేటు అడిగితే ఆయన చింతచెట్లు లెక్కపెట్టి చెప్పాడు. ఎవరు నాటిన చెట్టు, ఎవరి పెళ్లికి నాటినది, అంతా చెప్పాడు. కోర్టు మ్యాపులో రాళ్లున్నాయి, చెట్లు లేవు. జరిమానా పడింది. కట్టి బయటికి వచ్చాక ఆయన నన్ను ఓదార్చాడు, అది నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఇప్పుడు మీరు అడిగిన 1917 చట్టం. పూర్తి పేరు ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం. పేరులోనే రెండు భాగాలున్నాయి. వడ్డీ ఏడాదికి నూటికి ఇరవై నాలుగు దాటకూడదు, చక్రవడ్డీ కూడదు, మొత్తం వడ్డీ అసలును మించకూడదు. భూమి విషయంలో, కొండజాతి మనిషి తన భూమిని మరో కొండజాతి మనిషికి తప్ప ఇతరులకు ఇస్తే చెల్లదు, ఏజెంటు ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. సల్లివన్ విచారణలో బయటపడిన షావుకారు బెడదకు ఈ మందు రావడానికి ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది.

దీని లొసుగులు బయటి నుంచి చూస్తే తెలియవు. కేసు నడిపితే తెలుస్తాయి.

వడ్డీ హద్దు నగదు అప్పుకు బాగానే అతుకుతుంది. కొండమీద అప్పు నగదులో ఎక్కడిది? విత్తనాల వేళ ఇచ్చిన ధాన్యానికి కోతల్లో ఒకటిన్నర, రెండింతలు కొలిచి ఇవ్వాలి. చింతపండు చెట్టు మీద ఉండగానే బేరం అయిపోతుంది. సంతలో కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఇంకో కుంచం. దీన్ని నూటికి ఇంత అని ఏ గుమాస్తా లెక్క కడతాడు? అప్పు తీరేదాకా మనిషే వెళ్లి పనిచేసే గొత్తి పద్ధతి విశాఖ కొండల్లో ఉండేది. తండ్రి అప్పుకు కొడుకు పనిచేసేవాడు. దాన్ని ఆపుతూ ప్రత్యేక రెగ్యులేషను 1940లో గాని రాలేదు.

భూమి విషయంలో అసలు కిటుకు ఒక చిన్న మాటలో ఉంది. అక్రమంగా ఉన్నవాణ్ణి ఏజెంటు ఖాళీ చేయించవచ్చు, ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే. ఎవరు పెట్టుకుంటారు? చదువు రానివాడు, కచేరీ ముప్పై మైళ్లు, జ్వరాల దారి, పైగా రేపు ఉప్పుకు ఆ షావుకారు దగ్గరికే వెళ్లాలి. అధికారి తనంతట తానే విచారణ మొదలుపెట్టవచ్చు అన్న మాట 1959 నాటి భూమి బదలాయింపు రెగ్యులేషనులో చేరింది. ఇక 1917 చట్టం కొండజాతి మనిషి ఇచ్చే భూమినే ఆపింది. ఒకసారి బయటివాడి చేతికి వచ్చాక, అతని నుంచి ఇంకో బయటివాడికి అడ్డు లేదు. ఆ తలుపు 1970లో ఒకటో రెగ్యులేషనుతో మూశారు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏజెన్సీ భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ముందే ఊహించుకోవాలి, కాదని నిరూపించే బరువు అతనిదే, అని మార్చారు. మనం ఒకటి ఆఫ్ డెబ్బై అనే చట్టం ఇదే.

అందువల్ల నా కేసుల్లో ఎదుటిపక్షం వారికి 1917కు ముందు తేదీ అంటే పంచప్రాణాలు. అంతకు ముందే కొన్నాం అని చూపగలిగితే గండం గడిచినట్టే. ఒకసారి 1915 నాటి అమ్మకం కాగితం అని ఒకటి దాఖలు చేశారు. చక్కగా పసుపు పట్టిన కాగితం, అంచులు చెదలు కొట్టాయి, వేలిముద్ర కూడా ఉంది. నేను చేతివ్రాత చూస్తూ కూర్చున్నాను, ఏమీ దొరకలేదు. పక్కన కూర్చున్న మా గుమాస్తా స్టాంపు మీద రాజు ముఖం చూసి మోచేత్తో పొడిచాడు. అది ఆరో జార్జి. ఆయన గద్దె ఎక్కింది 1936లో. 1915లో ఉన్నది ఐదో జార్జి. ఆ కేసు గెలిచాం. రాజుగారు తెలియకుండానే ఒక కోయ కుటుంబానికి మేలు చేశారు. పాత స్టాంపు కాగితాలు చూసినప్పుడు ముందు రాజు తల చూడండి, తరువాత అక్షరాలు.

1917 చట్టం ఉండగా 1922లో మన్యం ఎందుకు రగిలింది? మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. గూడెం కొండలకు ఆ చట్టం వర్తిస్తుంది. అమలులోకి వచ్చి ఐదేళ్లే అయింది. మరి?

గూడెంలో జనం ఎదురుతిరిగినది షావుకారు మీద కాదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేస్తున్న రోడ్డు మీద. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవారిని పనికి తోలించి, రోజుకు ఆరణాలు ఇవ్వాల్సిన చోట రెండణాలు ఇచ్చాడన్నది ఫిర్యాదు. దానికి పోడు మీద ఆంక్షలు తోడయ్యాయి. పదవి పోగొట్టుకున్న ముఠాదార్ల కడుపుమంట తోడయింది. సనదు అనేది సర్కారు ఇచ్చేది, కాబట్టి సర్కారు ఎప్పుడైనా లాక్కోవచ్చు. 1880ల్లో వరంగా కనిపించిన ఏర్పాటు నలభై ఏళ్లలో మెడ మీద కత్తి అయింది. గాం గంటందొర, మల్లుదొర అల్లూరి సీతారామరాజు వెంట నడవడం వెనుక ఈ నేపథ్యం ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరుసగా మూడు పోలీసు ఠాణాల మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయారు. షావుకారు కొట్లు కాదు, ఠాణాలు. ఆ ఎంపికే మీ ప్రశ్నకు జవాబు. సెప్టెంబరులో దామనపల్లి ఘాట్ దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగాయి. రాజును 1924 మే 7న కొయ్యూరు దగ్గర పట్టుకుని కాల్చేశారు. మల్లుదొర జైలు నుంచి బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు వెళ్లాడు. పిల్లలకు ఈ చివరి సంగతి తప్పక చెప్పండి, చాలామందికి తెలియదు.

రక్షణ చట్టం రాసిన చేయి మైదానంలో ఏం చేసిందో కూడా చూడాలి. నేరస్థ జాతుల చట్టం మొదట 1871లో ఉత్తరాదిన వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి పాకింది. అంటే 1917 చట్టానికి ఆరేళ్ల ముందు. ఎరుకలవారు గాడిదల మీద, ఎడ్ల మీద తీరం నుంచి ఉప్పు లోపలికి మోసుకెళ్లి గింజలు తెచ్చుకునేవారు. రైలు వచ్చింది, ఉప్పు పన్ను పెరిగింది, ఆ వ్యాపారం పోయింది. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవారిని పుట్టుకతోనే దొంగలని రిజిస్టరులో రాశారు. వేలిముద్రలు, రాత్రి హాజరు, ఊరు దాటితే పాసు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చిన స్టూవర్టుపురం సెటిల్మెంటుకు ఆ పేరు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ మీదుగా వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. కొండమీది మనిషి అమాయకుడు కాబట్టి కాపాడాలి, కిందికి దిగి తిరిగే మనిషి నేరస్థుడు కాబట్టి కట్టేయాలి. రెండు చట్టాల్లోనూ తన గురించి తాను నిర్ణయించుకునే పెద్దమనిషి లేడు. నన్నడిగితే ఇద్దరినీ చూసిన కన్ను ఒక్కటే.

కొన్ని హెచ్చరికలు కూడా. ఒకటి, ఈ కాగితాలన్నీ కలెక్టర్లు, పోలీసులు రాసినవి. కొండవారి మాట వాంగ్మూలంగానే వినిపిస్తుంది, అదీ దుబాసీ (మాట తర్జుమా చేసేవాడి) నోటి మీదుగా. రెండు, కొండంతా ఒక్కటి అనుకోవద్దు. ముఠాదార్లు తమ ముఠా జనం చేత వెట్టి చేయించుకున్న సందర్భాలు బోలెడు. సర్కారు మీద తిరగబడిన దొర తన గ్రామానికి దేవుడు కానవసరం లేదు. మూడు, అధికారులందరూ ఒకే అచ్చు కాదు. సల్లివన్ లాంటివారు రాసిన నిజాయితీ నివేదికలే ఇవాళ మనకు ఆధారం. వారి నివేదికలు దస్త్రాల్లో ఎంతకాలం నిద్రపోయాయన్నది వేరే ప్రశ్న.

నిజాం వైపు గోండుల కథ, 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం మరణం, దీనికి దగ్గరి చుట్టమే. కాని అక్కడి చట్టాలు వేరు, కలిపి చెబితే రెండూ పాడవుతాయి. ఇక్కడ ఆపుతున్నాను.

1935 ప్రభుత్వ చట్టం ఈ ఏజెన్సీలను పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు అంది. ఏ చట్టం అక్కడ వర్తించాలో గవర్నరు చెబితేనే. 1950 రాజ్యాంగం ఐదో షెడ్యూలులో గవర్నరుకు దాదాపు అలాంటి అధికారమే ఇచ్చింది. ఏజెన్సీలో సివిలు దావాలు 1924 నాటి ఏజెన్సీ రూల్స్ కింద నడవడం నేను కళ్లారా చూశాను. ఆ కాగితాల మీద కలెక్టరు హోదా ఏజెంటు అనే ఉండేది. మొదటిసారి ఆ ముద్ర చూసినప్పుడు తేదీ ఇంకోసారి చదువుకున్నాను.

పిల్లల చేత ఏదైనా చేయించాలనుకుంటే వ్యాసం రాయించకండి. మీ బడి చుట్టూ ఉన్న రిజర్వు అడవి బ్లాకు పేరు కనుక్కోండి. అది పదహారో సెక్షను కింద ఏ సంవత్సరంలో ప్రకటించారో గెజిటులో దొరుకుతుంది, అటవీ రేంజి ఆఫీసులో అడిగినా చెబుతారు. తరువాత పిల్లలను ఇంటికి పంపి, ఆ బ్లాకు లోపల తమ వంశం వారి చింతచెట్లు, పాత ఊరి దిమ్మెలు, సమాధి రాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ముసలివారిని అడిగి రాసుకురమ్మనండి. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టండి. మీ బడి ఏ మండలంలో ఉందో రాస్తే, అక్కడి ముఠా ఏదో, కట్టుబడి ఎంత ఉండేదో నా నోటు పుస్తకాల్లో వెతికి చెబుతాను.